హాలోజన్ నమూనాల పెట్టె: గాజు గొట్టాలు గొప్పవి, కరదీపిక కాదు

25 డిగ్రీల సెల్సియస్ వద్ద వాయువు, ద్రవం, ఘనం అనే మూడు స్థితులూ ఒకే నిలువు వరుసలో కనిపించే గ్రూపు ఆవర్తన పట్టికలో 17వ గ్రూపు, అంటే హాలోజన్‌ల గ్రూపు, ఒక్కటే. అందువల్ల గ్రూపులో పైనుంచి కిందికి వెళ్లేకొద్దీ భౌతిక ధర్మాలు ఎలా మారతాయో చూపించదలచిన అధ్యాపకులు చాలావరకు హాలోజన్‌లతోనే మొదలుపెడతారు. ఇక్కడ సమీక్షిస్తున్నది ఆ అవసరం కోసమే తయారైన ఒక నమూనాల పెట్టెను. అందులో ఫ్లోరిన్ గొట్టం ఒకటి, క్లోరిన్ గొట్టాలు రెండు, బ్రోమిన్, అయోడిన్ గొట్టాలు ఒక్కొక్కటి, విడి అయోడిన్ స్ఫటికాల సీసా ఒకటి, ఆస్టటీన్, టెన్నెస్సీన్ పేర్లు చెక్కిన రెండు ఖాళీ యాక్రిలిక్ దిమ్మెలు, ఒక గోడపటం, ఒక కరదీపిక ఉన్నాయి. నమూనాల తయారీలో చూపిన శ్రద్ధ కరదీపిక రచనలో కనిపించలేదు. పెట్టె కొనదలచినవారు ఈ తేడాను ముందుగా తెలుసుకోవడం మంచిది.

ముందుగా చెప్పుకోవలసింది బ్రోమిన్ గొట్టం గురించే, ఎందుకంటే పెట్టె మొత్తంలో చూపు నిలిచేది దానిపైనే. సన్నని గొట్టంలో బ్రోమిన్‌ను పోసి, గాజును కరిగించి మూసి, దాన్ని మళ్లీ మందమైన మరో గాజు గొట్టంలో ఉంచి మూసివేశారు. సాధారణ గది ఉష్ణోగ్రత వద్ద ద్రవరూపంలో ఉండే అలోహ మూలకం ఇదొక్కటే కాబట్టి, ముదురు ఎరుపు గోధుమ రంగు ద్రవం గొట్టంలో అటూ ఇటూ కదులుతుంటే విద్యార్థులు గొట్టాన్ని చేతిలోంచి కింద పెట్టరు. సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.1 గ్రాములు. చిన్న గొట్టమే అయినా చేతికి తెలిసే బరువు ఉంది. ద్రవం పైన ఖాళీ భాగమంతా ఎర్రని ఆవిరితో నిండి ఉంటుంది. 20 డిగ్రీల వద్ద బ్రోమిన్ బాష్పపీడనం (ద్రవం నుంచి వెలువడిన ఆవిరి కలిగించే పీడనం) వాతావరణ పీడనంలో నాలుగో వంతుకు కాస్త తక్కువగా ఉంటుంది గనుక, మరుగు స్థానమైన 58.8 డిగ్రీలకు ఇంకా చాలా దూరంలో ఉండగానే అంత ఆవిరి కనబడుతుంది. మరుగు స్థానానికి చేరకుండా ద్రవం ఆవిరి కాదని నమ్మే విద్యార్థికి ఈ గొట్టం చూపించాక వేరే వివరణ ఇవ్వవలసిన పని ఉండదు.

ఈ గొట్టాన్ని మంచు, ఉప్పు కలిపిన మిశ్రమంలో ఉంచవచ్చని కరదీపిక అనుమతిస్తుంది. బ్రోమిన్ ద్రవీభవన స్థానం మైనస్ 7.2 డిగ్రీలు మాత్రమే కాబట్టి కొంతసేపటికి అది పూర్తిగా గడ్డకట్టింది. గడ్డకట్టడం కన్నా ఆసక్తికరమైనది ఖాళీ భాగంలో జరిగే మార్పు. చల్లబడేకొద్దీ ఆవిరి రంగు పలచబడుతూ పోయి, చివరికి గాజు దాదాపు తేటగా కనిపించింది. బాష్పపీడనం ఉష్ణోగ్రతను అనుసరించి ఎంత వేగంగా తగ్గుతుందో రంగు రూపంలో చూపే ఇంతటి సులువైన ప్రయోగం మరొకటి లేదని నా అభిప్రాయం. కరదీపికలో దీనికి కేటాయించినది ఒక్క వాక్యం.

క్లోరిన్‌కు రెండు గొట్టాలు ఇవ్వడం ఈ తయారీదారు తీసుకున్న మంచి నిర్ణయం. మొదటిది వెడల్పైన గొట్టం, అందులో వాతావరణ పీడనం వద్ద నింపిన లేత ఆకుపచ్చ పసుపు వాయువు ఉంది. రెండోది మందమైన క్వార్ట్జ్ గొట్టం, దాన్ని యాక్రిలిక్ దిమ్మెలో పొదిగారు, అందులో పసుపు రంగు ద్రవ క్లోరిన్ ఉంది. క్లోరిన్ మరుగు స్థానం మైనస్ 34 డిగ్రీలే అయినా, దాని సందిగ్ధ ఉష్ణోగ్రత (అది దాటితే ఎంత పీడనం పెట్టినా వాయువు ద్రవం కాని హద్దు) 144 డిగ్రీలకు దగ్గరగా ఉన్నందున, గది ఉష్ణోగ్రత వద్ద కూడా సుమారు 7 వాతావరణాల పీడనంతో దాన్ని ద్రవంగా మార్చవచ్చు. 1823లో మైకేల్ ఫారడే మూసిన గాజు గొట్టంలో క్లోరిన్‌ను ద్రవీకరించింది కూడా దాని స్వంత పీడనం సాయంతోనే. మార్కెట్లో దొరికే చాలా పెట్టెల్లో ద్రవ క్లోరిన్ గొట్టం ఒక్కటే ఉంటుంది. అది చూడటానికి అందంగానే ఉంటుంది గాని, గది ఉష్ణోగ్రత వద్ద క్లోరిన్ ద్రవమేనన్న తప్పు భావాన్ని విద్యార్థికి కలిగిస్తుంది. రెండు గొట్టాలను పక్కపక్కన ఉంచినప్పుడు, స్థితిని నిర్ణయించేది ఉష్ణోగ్రత ఒక్కటే కాదనీ, పీడనం కూడా అందులో భాగమేననీ వెంటనే అర్థమవుతుంది. ద్రవ క్లోరిన్ దిమ్మెను ఎండకు, వేడికి దూరంగా ఉంచాలన్న హెచ్చరికను మాత్రం కరదీపిక చివరి పుటలో చిన్న అక్షరాలతో ముద్రించడం సరికాదు. 20 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు చేరేసరికి ఆ గొట్టంలోని పీడనం దాదాపు రెట్టింపవుతుంది. అలాంటి హెచ్చరిక దిమ్మె మీదే ఉండాలి.

ఫ్లోరిన్ గొట్టం విషయంలో కొనుగోలుదారు ఆశలు తగ్గించుకోవాలి. స్వచ్ఛమైన ఫ్లోరిన్‌ను గాజులో నిల్వ ఉంచడం కష్టం. తేమ జాడ ఏమాత్రం ఉన్నా హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఏర్పడి గాజును తినడం మొదలుపెడుతుంది. అందుకే ఈ గొట్టంలో హీలియంతో పలుచన చేసిన ఫ్లోరిన్‌ను నింపారు. ఫ్లోరిన్ సహజంగానే చాలా లేత పసుపు రంగులో ఉంటుంది. సన్నని గొట్టంలో, అదీ పలుచన చేసినప్పుడు, ఆ రంగు దాదాపు కనిపించదు. వెనుక తెల్ల కాగితం పెట్టి, పక్కన ఖాళీ గొట్టాన్ని ఉంచి పోల్చినా, రంగు ఉందని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. నింపినవారి మాట మీద నమ్మకం ఉంచి చూడవలసిన నమూనా ఇది. అయినా దీన్ని లోపంగా లెక్కించడం న్యాయం కాదు. 1886లో ఆన్రీ మొయ్‌సాఁ వేరుచేసేవరకు ఎందరో రసాయన శాస్త్రవేత్తలను ముప్పుతిప్పలు పెట్టిన మూలకం ఇది. దాన్ని ఒక బల్ల మీద సురక్షితంగా ఉంచగలగడమే విశేషం.

అయోడిన్ గొట్టం దగ్గరికి వచ్చేసరికి నమూనాకు, కరదీపికకు మధ్య నేరుగా విరుద్ధత ఏర్పడింది. అయోడిన్‌కు ద్రవ స్థితి లేదనీ, వేడిచేస్తే అది నేరుగా ఆవిరిగా మారుతుందనీ కరదీపిక రాసింది. చాలా తరగతి గదుల్లో వినబడే మాటే ఇది, కాని నిజం కాదు. అయోడిన్ 113.7 డిగ్రీల వద్ద కరుగుతుంది, 184.3 డిగ్రీల వద్ద మరుగుతుంది. ఈ రెండింటి మధ్య 70 డిగ్రీలకు పైగా వెడల్పున్న ద్రవ స్థితి దానికి ఉంది. అది క్లోరిన్, బ్రోమిన్‌ల ద్రవ స్థితి వెడల్పుతో దాదాపు సమానం. గాలి తీసేసి మూసిన ఈ గొట్టాన్నే 120 డిగ్రీల నూనె తొట్టిలో ఉంచినప్పుడు అడుగున నల్లని ద్రవం స్పష్టంగా ఏర్పడింది. కరిగే ఉష్ణోగ్రత వద్ద అయోడిన్ బాష్పపీడనం సుమారు 90 మిల్లీమీటర్ల పాదరస పీడనమే. అది వాతావరణ పీడనంలో ఎనిమిదో వంతుకు మించదు కాబట్టి గొట్టానికి ప్రమాదం లేదు. కరగకముందే ఊదారంగు ఆవిరి దండిగా వెలువడటం వల్ల, తెరచిన పాత్రలో కొద్దిపాటి స్ఫటికాలను వేడిచేసినప్పుడు అవి ద్రవమయ్యే దశకు చేరకుండానే ఖర్చైపోతాయి. అపోహ అక్కడి నుంచే పుట్టింది. ఉత్పతనం, అంటే ఘనం నేరుగా ఆవిరి కావడం, నిజం; ద్రవం లేదన్నది అబద్ధం. రెండింటినీ ఒకే గొట్టంలో చూపించగలిగిన తయారీదారే దాన్ని గుర్తించకపోవడం విచిత్రం.

అయోడిన్ స్ఫటికాల లోహపు మెరుపును కరదీపిక "ఆశ్చర్యకరం" అని వదిలేసింది. దానికి కారణం ఉంది. ఘన అయోడిన్‌లో ఒక అణువులోని రెండు పరమాణువుల మధ్య దూరం సుమారు 272 పికోమీటర్లు కాగా, పక్క అణువులోని దగ్గరి పరమాణువు సుమారు 350 పికోమీటర్ల దూరంలోనే ఉంటుంది. బంధం లేకుండా ఆనుకుని ఉండే రెండు అయోడిన్ పరమాణువుల మధ్య ఉండవలసిన దూరం, అంటే వాటి వాండర్‌వాల్స్ వ్యాసార్థాల మొత్తం, 396 పికోమీటర్లు. అంటే పొరుగు అణువులు, కేవలం పక్కపక్కన సర్దుకున్న అణువులకు ఉండవలసిన దానికన్నా దగ్గరగా వచ్చి, ఎలక్ట్రాన్లను కొంత పంచుకుంటున్నాయన్నమాట. పీడనం పెంచుతూ పోతే అయోడిన్ చివరికి లోహంలా విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. గ్రూపులో కిందికి వెళ్లేకొద్దీ లోహ స్వభావం తలెత్తడం చూపించడానికి ఆ మెరుపే చాలు. రంగుల క్రమాన్ని కూడా కరదీపిక వర్ణించిందే గాని వివరించలేదు. ఫ్లోరిన్ శోషణ శిఖరం (అది కాంతిని అన్నిటికన్నా ఎక్కువగా పీల్చుకునే తరంగదైర్ఘ్యం) 285 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత ప్రాంతంలో, క్లోరిన్‌ది 330 దగ్గర, బ్రోమిన్‌ది సుమారు 415 దగ్గర, అయోడిన్ ఆవిరిది సుమారు 520 దగ్గర ఆకుపచ్చ ప్రాంతంలో ఉంటాయి. అణువు పెద్దదయ్యేకొద్దీ ఎలక్ట్రాన్‌ను పై స్థాయికి ఎత్తడానికి కావలసిన శక్తి తగ్గుతుంది. ఆకుపచ్చను మింగేసిన ఆవిరి ఊదాగా కనబడటంలో వింత లేదు.

ఇక అసలు ఫిర్యాదు. ద్రవీభవన, మరుగు స్థానాలు ఫ్లోరిన్ నుంచి అయోడిన్ వరకు పెరగడానికి కారణం "పరమాణువుల మధ్య బంధాలు బలపడటం" అని గోడపటం మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఇది ముద్రణ దోషంగా సరిపెట్టుకోదగిన తప్పు కాదు, విషయాన్నే తలకిందులు చేసే తప్పు. క్లోరిన్ అణువులో బంధాన్ని విడగొట్టడానికి మోల్‌కు 243 కిలోజౌళ్లు కావాలి, బ్రోమిన్‌కు 193, అయోడిన్‌కు 151 చాలు. బంధం బలహీనపడుతూ ఉంటే ద్రవీభవన స్థానం మైనస్ 101.5 నుంచి మైనస్ 7.2కు, అక్కడి నుంచి 113.7కు ఎక్కుతోంది. బ్రోమిన్ కరిగినా మరిగినా దాని అణువు విడిపోదు. ఒక అణువును మరో అణువు పట్టి ఉంచే బలాలను మాత్రమే వేడి జయించాలి. అవి లండన్ విక్షేపణ బలాలు. ఫ్లోరిన్ అణువులో 18 ఎలక్ట్రాన్లు, క్లోరిన్‌లో 34, బ్రోమిన్‌లో 70, అయోడిన్‌లో 106 ఉంటాయి. ఎలక్ట్రాన్ల సంఖ్య పెరిగి, బయటి ఎలక్ట్రాన్లు కేంద్రకానికి దూరమైనకొద్దీ ఎలక్ట్రాన్ మేఘం సులువుగా సాగి అటూ ఇటూ ఒరుగుతుంది, క్షణికమైన ధ్రువాలు పెద్దవవుతాయి, అణువుల మధ్య ఆకర్షణ బలపడుతుంది. బంధ బలం, అణువుల మధ్య బలం అనే రెండు వేర్వేరు విషయాలను కలిపేయడం విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు. దాన్ని సరిదిద్దవలసిన గోడపటమే దాన్ని నేర్పుతోంది. ఈ పెట్టెను తరగతి గదిలో వాడదలచినవారు ఆ పంక్తి మీద ఒక కాగితం అంటించి, సరైన కారణం రాయడం తప్పనిసరి.

పెట్టెతో ఇచ్చిన బంధ విఘటన శక్తుల (బంధాన్ని విడగొట్టడానికి కావలసిన శక్తుల) పట్టికలో ఫ్లోరిన్‌ను ఎందుకు వదిలేశారో ఊహించడం కష్టం కాదు. క్లోరిన్ నుంచి అయోడిన్ వరకు చక్కగా దిగుతున్న వరుసను ఫ్లోరిన్ విలువ పాడుచేస్తుంది. అది 159 కిలోజౌళ్లే, అయోడిన్‌కు దగ్గర. రెండు ఫ్లోరిన్ పరమాణువులు సుమారు 142 పికోమీటర్ల దూరంలో ఇరుకుగా ఉండటం వల్ల వాటి ఒంటరి జంట ఎలక్ట్రాన్లు (బంధంలో పాల్గొనని జంటలు) ఒకదాన్నొకటి తోసుకుంటాయి, బంధం బలహీనపడుతుంది. ఎలక్ట్రాన్ అఫినిటీలోనూ, అంటే పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను చేర్చుకున్నప్పుడు వెలువడే శక్తిలోనూ, ఇదే కథ. ఫ్లోరిన్‌ది 328, క్లోరిన్‌ది 349 కిలోజౌళ్లు. గోడపటంలోని గీత మాత్రం ఫ్లోరిన్ దగ్గర మొదలై నేరుగా దిగుతుంది. చిన్న పరమాణువులో కొత్త ఎలక్ట్రాన్‌కు చోటు ఇరుకు అన్న ఒక్క మాటతో రెండు మినహాయింపులూ అర్థమయ్యేవి. మినహాయింపును దాచిన పటం పరీక్షలో విద్యార్థిని కాపాడదు.

పటంలో ఇచ్చిన విలువలను శ్రద్ధగా చూస్తే అంతకన్నా విలువైన విషయం ఒకటి కనబడుతుంది, దాని గురించి కరదీపికలో ఒక్క ముక్క కూడా లేదు. మరుగు స్థానం ఫ్లోరిన్ నుంచి క్లోరిన్‌కు 154 డిగ్రీలు, క్లోరిన్ నుంచి బ్రోమిన్‌కు 93 డిగ్రీలు, బ్రోమిన్ నుంచి అయోడిన్‌కు 125 డిగ్రీలు పెరుగుతుంది. మధ్య మెట్టు చిన్నది. సమయోజనీయ వ్యాసార్థాలు (బంధంలో ఉన్న పరమాణువు వ్యాసార్థాలు) వరుసగా 71, 99, 114, 133 పికోమీటర్లు. అక్కడా మధ్య మెట్టు 15 మాత్రమే. పౌలింగ్ మానంలో రుణవిద్యుదాత్మకతలు (బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం) 3.98, 3.16, 2.96, 2.66. అయనీకరణ శక్తులు (ఒక ఎలక్ట్రాన్‌ను తీసివేయడానికి కావలసిన శక్తి) 1681, 1251, 1140, 1008 కిలోజౌళ్లు. ఏ వరుస తీసుకున్నా క్లోరిన్, బ్రోమిన్‌ల మధ్య తేడాయే అన్నిటికన్నా తక్కువ. బ్రోమిన్‌కు ముందు నాలుగో పీరియడ్‌లో పది డి-బ్లాక్ మూలకాలు (3డి అనే లోపలి ఉపస్థాయి నిండే మూలకాలు) వస్తాయి. వాటి 3డి ఎలక్ట్రాన్లు కేంద్రక ఆవేశాన్ని సరిగా కప్పలేవు కాబట్టి బ్రోమిన్ బయటి ఎలక్ట్రాన్లు అనుకున్నదానికన్నా గట్టిగా లోపలికి లాగబడి, పరమాణువు ఆశించినంత పెద్దది కాలేదు. ఎలక్ట్రాన్ మేఘం ఒరిగే గుణం కూడా ఆ మేరకే పెరిగింది. క్రమం ఉందని చెప్పడంతో ఆగకుండా, ఆ క్రమంలోని మెట్లు ఎందుకు సమానంగా లేవని అడిగించగల సమాచారమంతా గోడపటంలోనే ఉంది. తయారీదారు ఆ ప్రశ్న అడగలేదు, కనుక అధ్యాపకుడే అడగాలి.

సాంద్రతల వరుస గురించి కూడా ఒక హెచ్చరిక. పటంలో ఫ్లోరిన్‌కు, క్లోరిన్‌కు వాయు సాంద్రతలు, బ్రోమిన్‌కు ద్రవ సాంద్రత, అయోడిన్‌కు ఘన సాంద్రతైన 4.93 ఇచ్చి, నాలుగింటినీ ఒకే గీతతో కలిపారు. వాయువు నుంచి ద్రవానికి దూకే చోట గీత వెయ్యి రెట్లకు దగ్గరగా ఎగిరింది. ఆ ఎగురుడు స్థితి మారడం వల్ల వచ్చిందే గాని గ్రూపు క్రమం వల్ల వచ్చింది కాదు. పోల్చవలసింది ఒకే స్థితిలో ఉన్నవాటిని. మరుగు స్థానం వద్ద ద్రవ ఫ్లోరిన్ సాంద్రత దాదాపు 1.5, ద్రవ క్లోరిన్‌ది దాదాపు 1.56. అణుభారం 38 నుంచి 71కి పెరిగినా సాంద్రత అంతగా పెరగకపోవడానికి కారణం, క్లోరిన్ అణువు ఆక్రమించే చోటు కూడా దాదాపు అదే నిష్పత్తిలో పెరగడం. ద్రావణీయత గురించి పెట్టెలో ఏమీ లేదు. విడి అయోడిన్ స్ఫటికాలతో హెక్సేన్‌లో ఊదా, ఇథనాల్‌లో గోధుమ రంగు ద్రావణాలు తయారుచేసి చూపించడం అధ్యాపకులకు వదిలేశారు. అది పెద్ద కష్టమేమీ కాదు.

ఖాళీగా ఉన్న రెండు దిమ్మెలు చూసి డబ్బు వృథా అనుకునేవారు ఉంటారు. నాకు మాత్రం అవి నచ్చాయి. 1940లో కృత్రిమంగా తయారైన ఆస్టటీన్ ఐసోటోపుల్లో ఎక్కువ కాలం నిలిచే దాని అర్ధాయువు (సగం పరమాణువులు క్షీణించడానికి పట్టే కాలం) 8.1 గంటలే. కంటికి కనిపించేంత ముక్కను ఇప్పటివరకు ఎవరూ తయారుచేయలేదు, చేసినా దాని రేడియోధార్మికత పుట్టించే వేడికి అదే ఆవిరైపోతుంది. 2010లో ప్రకటించి, 2016లో పేరు ఖరారు చేసిన టెన్నెస్సీన్ పరమాణువులైతే సెకనులో చిన్న భాగం పాటే ఉంటాయి. ఖాళీ దిమ్మె ఆ వాస్తవాన్ని నిజాయితీగా చెబుతోంది. అదే నిజాయితీ కరదీపికకు లేదు. ఆస్టటీన్ ద్రవీభవన స్థానం 302 డిగ్రీలని, కొలిచిన విలువల పక్కనే, ఏ గుర్తూ లేకుండా ముద్రించింది. అది పై మూలకాల క్రమాన్ని పొడిగించి వేసిన అంచనా మాత్రమే. ఘన ఆస్టటీన్ అసలు జంట పరమాణువుల అణువులతో కాక లోహంగా ఉంటుందని 2013లో వెలువడిన సైద్ధాంతిక గణనలు సూచించాయి. అదే నిజమైతే గ్రూపు క్రమం ఆస్టటీన్ దగ్గర తెగిపోతుంది.

కొనదలచినవారికి ఇక మిగిలింది నిల్వ సంగతి. మూసిన గొట్టాలన్నీ ఎక్కడా చెమ్మ, మరక లేకుండా భద్రంగా ఉన్నాయి. విడి అయోడిన్ స్ఫటికాల సీసాకు మాత్రం ప్లాస్టిక్ మూత ఇచ్చారు. గది ఉష్ణోగ్రత వద్ద అయోడిన్ బాష్పపీడనం చిన్నదే అయినా, మూసిన పెట్టెలో అది ఆగదు. కొద్ది వారాల్లోనే మూత గోధుమ రంగుకు తిరిగి, పెట్టె లోపలి నురుగు మీద మరక పడి, పక్కనే ఉన్న ఇనుప గొళ్లేనికి తుప్పు పట్టింది. పెట్టె అందగానే స్ఫటికాలను బిగుతైన గాజు మూత ఉన్న సీసాలోకి మార్చి, లోహపు వస్తువులకు దూరంగా వేరే అరలో ఉంచండి. బ్రోమిన్ గొట్టాన్ని నిలువుగా, గుడ్డ చుట్టి, దొర్లిపోని చోట ఉంచండి. అది పగిలిన రోజున గాలి కన్నా ఐదున్నర రెట్లు బరువైన ఆ ఎర్రని ఆవిరి నేల వెంట పాకుతుంది. తరగతి గదిలో పిల్లలు కూర్చునే ఎత్తు కూడా నేలకు దగ్గరే.